చెట్టు పేరు చెప్పని కాయలు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనువారిని మన పెద్దలు పరిహసించిరి. పేరుపొందిన చెట్టును చూపి పుల్లకాయలను అంటగట్టువాడు మోసగాడే. ఐనను చెట్టునకొక పేరు కలదని వాడు ఒప్పుకొన్నవాడు. నేటి అంతర్జాలములో వింతలు పంచువారు అంతకంటె నొక మెట్టు క్రిందికి దిగిరి. వీరు చెట్టు పేరు దాచి కాయలు పంచుచున్నారు. ఎక్కడి పాటయో, ఎవరి బొమ్మయో, ఏనాటి యంత్రమో చెప్పరు. "దొరికినది, చూడుడు" అందురు. చూచినవారు మెచ్చుకొందురు; మెచ్చుకొని మరి పదిమందికి పంపుదురు. ఆ మెప్పు పంచినవానికి చేరును గాని పాడినవానికి, గీసినవానికి, కనిపెట్టినవానికి చేరదు. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లున్న యీ యౌదార్యమును గూర్చి కొంచెము నిష్ఠురముగనే మాటలాడవలసియున్నది.

ముందుగా నొక విషయము స్పష్టము చేయుట మంచిది. అంతర్జాలములో వింతలను వెదకుట కాలహరణమనియు, అందు దొరకునవన్నియు చెత్తయనియు వాదించుట నా యుద్దేశము కాదు. అట్లు వాదించు పండితులు కొందరు కలరు. వారు తమ తాతలు తాళపత్రములను వెదకుచు ఊరూరు తిరిగిన సంగతి మరచినవారు. పాత సంగీతము, పాత యంత్రములు, జనసామాన్యమును నవ్వించిన బొమ్మలు, వారు పాడుకొన్న పాటలు ఇవి యన్నియు చరిత్రకు సామగ్రులే. వెదకుట పుణ్యకార్యము. వెదకి దొరకించుకొన్నదాని జన్మవృత్తాంతమును చెరిపివేయుట మాత్రమే పాపము. ఈ రెంటికిని గల భేదమును కొన్ని దృష్టాంతములతో చూపెదను.

1860లో ఫ్రాన్సు దేశమున ఎడ్వార్డ్ లియోన్ స్కాట్ దె మార్తిన్‌విల్ అను నాతడు మసిపట్టించిన కాగితముమీద ఒక పాటయొక్క ధ్వనికంపనములను గీతలుగా గీయించెను. ఆ యంత్రము ధ్వనిని కంటికి చూపుటకే గాని మరల చెవికి వినిపించుటకు గాదు. ఎడిసన్ ఫోనోగ్రాఫు పుట్టినది 1877లో. అనగా అప్పటికింకను 17 సంవత్సరములున్నవి. ఆ కాగితములు పారిస్ నగరపు విజ్ఞానపరిషత్తులో భద్రముగ నుండెను. 2008లో అమెరికా పరిశోధకులు కొందరు ఆ గీతలను గణకయంత్ర సహాయమున ధ్వనిగా మార్చి లోకమునకు వినిపించిరి. అది బాలికయో స్త్రీయో పాడిన గొంతని మొదట తలచిరి. మరుసటి సంవత్సరమే ఆ పరిశోధకులు తమ మాటను దిద్దుకొనిరి. పాటగీత ప్రక్కన కాలమానమునకై గీయించిన శ్రుతిదండపు కంపనములను లెక్కించుటలో పొరపాటు జరిగెననియు, పాట రెట్టింపు వేగమున వినబడినదనియు, నిజమునకది పురుషుని గొంతనియు, స్కాటే పాడియుండుననియు తేల్చిరి. ఈ దిద్దుబాటు ఎట్లు సాధ్యమయ్యెను? మూలపత్రమెక్కడ నున్నదో తెలిసియున్నందున, దానిమీద తేదీయున్నందున, తయారుచేసినవాని వ్రాతలు ప్రక్కన లభించినందున. ఇవి లేకున్నచో లోకమంతయు నేటికిని ఆ బాలిక యెవరోయని కథలల్లుచుండెడిది.

ఇక రెండవ తీరు చూడుడు. 1969లో అమెరికాలో 'ది విన్‌స్టన్స్' అను బృందము ఒక రికార్డు వెలువరించెను. దాని ముందువైపున నున్న 'కలర్ హిమ్ ఫాదర్' అను పాటకు పేరు వచ్చినది. వెనుకవైపున 'ఏమెన్ బ్రదర్' అను వాద్యరచన యుండెను. దాని నడుమ తక్కిన వాద్యములు ఆగిపోగా, గ్రెగరీ కోల్‌మన్ అను డ్రమ్ము వాద్యకారుడు సుమారు ఏడు సెకండ్లసేపు ఒంటరిగ వాయించెను. 1986లో డీజేల నిమిత్తము కూర్చిన యొక సంకలనములో ఆ రచన మరల వెలువడినది. ధ్వనిముక్కలను కత్తిరించి అతికించు యంత్రములు అప్పటికి సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుచుండెను. నాటినుండి ఆ ఏడు సెకండ్లు అమెరికాలోని హిప్‌హాప్ పాటలలో, ఇంగ్లండులోని జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతములలో వేలకొలది పర్యాయములు వినబడినవి. వ్యాపారప్రకటనలలో సైతము వినబడినవి. సంగీతచరిత్రలో ఇంతగా ఎరువు తీసికొనబడిన ధ్వని మరియొకటి యున్నదా యని అడుగదగినంతగా నది వ్యాపించెను.

దాని ఫలము వాయించినవానికేమి దక్కెను? కోల్‌మన్ 2006లో నిలువనీడ లేని దరిద్రుడై మరణించెను. బృందనాయకుడైన రిచర్డ్ స్పెన్సర్ ఈ సంగతి యెరిగినది 1996లో. అప్పటికి న్యాయస్థానమునకు పోవలసిన గడువు దాటిపోయినది. ఆ ధ్వనికి లోకము పెట్టిన పేరు 'ఏమెన్ బ్రేక్'. రచనపేరు నిలిచెను, చేయి పేరు పోయెను. 2015లో కొందరు సంగీతాభిమానులు సిగ్గుపడి, చందాలు వేసికొని, సుమారు 24,000 పౌండ్లు స్పెన్సరునకు సమర్పించిరి. కోల్‌మన్ అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే పోయెను. చదువరులారా! ఆ ఏడు సెకండ్లను దొరకించుకొన్న వారిలో దుర్మార్గులెవ్వరును లేకపోవచ్చును. అందరును రసికులే. వేలమంది రసికుల నడుమ ఒక వాద్యకారుడు అన్నములేక చచ్చెను. రసికత చాలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

దీనికి కొందరు చెప్పు సమాధానము వింతగ నుండును. "మేము డబ్బు సంపాదించుటలేదు. మిత్రులకు వినోదమునకై పంపుచున్నాము. మా యొక్కరు పేరు వ్రాయకున్న కొంపలేమి మునుగును?" అందురు. మునిగినది చూపెదను. 1984 ప్రాంతమున ఉత్తర జర్మనీలో ఒక యువకుడు రేడియోలో వచ్చిన పాటలను క్యాసెట్టులోనికి ఎక్కించుకొనెను. పాటలు శుభ్రముగ నుండవలెనని నిర్వాహకుడు చెప్పిన మాటలను వదలివేసెను. ఆ వదలిన మాటలలోనే పాడినవారి పేరుండెను గాబోలు. 2007లో ఆ పాట అంతర్జాలమునకు ఎక్కినది. ఎవరు పాడిరో యెవ్వరికిని తెలియలేదు. 'అంతర్జాలములో మిక్కిలి రహస్యమైన పాట' యని దానికి బిరుదు వచ్చినది. వేలమంది వెదకిరి. పాత రేడియో పట్టికలు, సంగీతపోటీల వివరములు, ఊరి పత్రికలు తిరుగవేసిరి. తుదకు 2024 నవంబరులో అది కీల్ నగరమునకు చెందిన 'ఫెక్స్' అను బృందము పాడిన 'సబ్‌వేస్ ఆఫ్ యువర్ మైండ్' అని తేలినది. పదునేడేండ్ల వెదకులాట! ఒక్క వాక్యముతో తీరవలసిన పని. ఆ యువకుని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. తన గదిలో తాను వినుటకు పట్టుకొన్న పాట లోకమంతయు వెదకునని యతడేమి కలగనెను? కాని నేడు పంపువానికి ఆ మినహాయింపు లేదు. తాను పంపినది లోకమునకు పోవునని ప్రతివానికిని తెలియును.

మన దేశమున తొలినాళ్ల గాయనీమణులు ఈ విషయములో మనకంటె వివేకవతులు. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్‌జాన్ చేత పాడించి రికార్డులు తీసికొనిరి. ఆమె పాట ముగియగనే తన పేరు తానే చెప్పుకొనెడిది. రికార్డులు అచ్చుపడునది జర్మనీలోని హానోవరులో. అచ్చటివారికి ఏ పాట యెవరిదో తెలియుటకు అది సాధనమయ్యెను. నేడు వినువారిలో కొందరు దానిని అహంకారమని నవ్వుకొందురు. అహంకారము కాదు, దూరాలోచన. ఆ పేరు పాటతో కలిసి మైనములో చెక్కబడినందున, కాగితపు చీటీ ఊడిపోయినను, పెట్టె చెదలు తినినను, పాడినదెవరో నేటికిని తెలియుచున్నది. నేడు ఆ పాటనే సంపాదించి, చివరనున్న ఆ మాటలు వినుటకు బాగుండలేదని కత్తిరించి, ముప్పది సెకండ్ల ముక్కగా పంచు బుద్ధిమంతులు లేకపోలేదు. ఒక స్త్రీ శతాబ్దము దాటించి మనకు పంపిన సంతకమును చింపివేయుటకు వీరికి అధికారమెవ్వరిచ్చిరి?

తెలుగువారికి ఈ పాఠము క్రొత్త కాదు. తాళ్లపాకవారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులమీద చెక్కబడి, శతాబ్దములు మరుగున బడియుండి, ఇరువదవ శతాబ్దమున మరల వెలుగుచూచినవి. రేకులమీద పాటతో పాటు రాగము పేరు కూడ చెక్కియున్నందున, అన్నమాచార్యుడు 1503లో పరమపదించిన ఇన్ని వందల యేండ్లకును ఏ పాట యే రాగములో పాడబడెనో చెప్పగలుగుచున్నాము. వరుసలు పోయినవి, పేర్లు నిలిచినవి. దీనికి విరుద్ధముగ మన చాటుపద్యములను చూడుడు. నోటనుండి నోటికి పోవుచు, రసవంతమైన ప్రతిదియు శ్రీనాథునికిని, తెనాలి రామకృష్ణునికిని అంటగట్టబడినవి. అసలు చెప్పిన కవులెందరు అనామకులై పోయిరో లెక్కలేదు. నేడు వాట్సాపులో ప్రతి సూక్తియు ఎవరో యొక మహనీయుని చిత్రపటము క్రింద వెలయుచున్నది గదా! అది ఆ పాత వ్యాధియే. వేగము మాత్రమే పెరిగినది.

పేరువలెనే తేదీయు. మన తొలి టాకీయైన 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దముల తరబడి గ్రంథములలో, పత్రికలలో వ్రాయుచు వచ్చిరి. ఒకరు వ్రాసినదానిని మరియొకరు చూచి వ్రాసిరి. పత్రికారచయితయైన రెంటాల జయదేవ మూలపత్రములకై వెదకి, సెన్సారు అనుమతి 1932 జనవరి 22న వచ్చెననియు, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో జరిగెననియు చూపెను. సినిమావారి పుట్టినరోజులు కంఠస్థము చేసిన జాతికి తన తొలి టాకీ పుట్టినరోజు ఇంతకాలము తెలియదు! పదిమంది పలికిరి గనుక నిజమనుట ఒక పద్ధతి. పత్రమెక్కడ నున్నదని యడుగుట మరియొక పద్ధతి. అంతర్జాలము మొదటి పద్ధతికి రెక్కలు తొడిగినది. రెండవదానికి కూడ అదే తలుపులు తెరచినది. ఏ తలుపున ప్రవేశింతుమనునది మన చేతిలోని పని.

"ఏమైనను, ఒకసారి అంతర్జాలములో పడినది పోదు గదా, కావలసినవారు తరువాత వెదకుకొందురు" అను ధీమా మరియొకటి కలదు. ఇంతకంటె పెద్ద భ్రాంతి లేదు. 1994లో మొదలైన జియోసిటీస్ అను చోట లక్షలాది సామాన్యులు తమకు ప్రియమైన విషయములను గూర్చి పుటలు కట్టుకొనిరి. 1999లో యాహూ కంపెనీ దానిని కొనెను, 2009లో మూసివేసెను. స్వచ్ఛందసేవకులు పరుగుపరుగున కొంత కాపాడిరి, తక్కినది పోయెను. మైస్పేస్ అను సంస్థ 2019 మార్చిలో, తన యంత్రములు మార్చునప్పుడు 2015 వరకు పన్నెండేండ్లపాటు జనులు చేర్చిన పాటలు నశించినవని ఒప్పుకొనెను. 5 కోట్లకు పైగా పాటలని నాటి యంచనా. పరిశోధన నిమిత్తము ఎవరో ముందుగనే తీసియుంచుకొన్న సుమారు 4,90,000 పాటలు మాత్రము తరువాత ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరినవి. నూటికొక పాట! 2024లో ప్యూ పరిశోధనసంస్థ ప్రకటించిన లెక్క ప్రకారము, 2013లో నున్న అంతర్జాలపుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత కానరాలేదు. తాటాకునకు చెదలుండెను, దీనికి కంపెనీల లాభనష్టములున్నవి. చెదలు ఒక్క రాత్రిలో ఐదు కోట్ల పాటలను తినలేదు.

ఇచ్చట మరియొక పక్షమువారు లేచి, "పేర్లు చెప్పవలెనని మీరే యనుచున్నారు గనుక, సొంతదారుల యనుమతి లేక ఎవ్వరును ఏదియు దాచగూడదు, పంచగూడదు" అందురు. వీరు పెద్ద కంపెనీల వకీళ్లు. వీరికిని సమాధానము చెప్పవలసినదే. ఇంటర్నెట్ ఆర్కైవువారు లక్కతో చేసిన పాత 78 వేగపు రికార్డులను నాలుగు లక్షలకు పైగా సేకరించి, పగుళ్ల చప్పుళ్లతో సహా ధ్వనిముద్రణ చేసి, ప్రతిదానికిని చీటీ చిత్రము, కంపెనీ పేరు, సంఖ్య జతపరచి అందరికిని వినిపించిరి. 2023 ఆగస్టులో పెద్ద సంగీత కంపెనీలు వారిపై అమెరికాలో దావా వేసినవి. 2025 సెప్టెంబరులో ఉభయులును రాజీపడిరి, షరతులు బయటపెట్టలేదు. కళాకారుని హక్కును నేను తక్కువ చేయుటలేదు. కోల్‌మన్ కథ చెప్పినవాడను ఎట్లు తక్కువ చేయుదును? కాని కళాకారుడు వేరు, అతని హక్కును కొని బీరువాలో పెట్టి తాళము వేసినవాడు వేరు. తానును వినిపింపక, వినిపించువానిని వినిపింపనీయక యుండు సొంతదారునికి చట్టము తోడుండవచ్చును, సంస్కృతి తోడుండదు. చట్టముకూడ శాశ్వతముగ తోడుండదు. అమెరికాలో 1923కు పూర్వపు ధ్వనిముద్రణలు 2022 జనవరి 1న సర్వజనుల సొత్తైనవి. మన దేశమున ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణము తరువాత 60 సంవత్సరములే. ఆ గడువు ముగియు నాటికి రికార్డే మిగులకున్నచో స్వేచ్ఛ వచ్చి యేమి లాభము? గడువు ముగియువరకు ఎవరో యొకరు భద్రపరచియుండవలెను గదా.

చూడుడు, ఈ రెండు పక్షములును ఎట్లు కలియుచున్నవో. పేరు చెరిపి పంచువాడు కళాకారుని మరపించుచున్నాడు. తాళము వేసి దాచువాడు కళనే మరపించుచున్నాడు. ఇద్దరికిని వర్తమానపు లాభమే కావలెను. ఒకనికి మెప్పు, మరియొకనికి ధనము. రాబోవు తరముల మాట యిద్దరికిని పట్టదు.

ఇంతలో మూడవ విపత్తు వచ్చి మీద పడినది. ఇప్పుడు యంత్రములే గొంతులను అనుకరించి పాడుచున్నవి, బొమ్మలు గీయుచున్నవి. 2023 ఏప్రిలులో డ్రేక్, ది వీకెండ్ అను ప్రసిద్ధ గాయకుల గొంతులను యంత్రముచే అనుకరింపజేసి, ఎవరో 'హార్ట్ ఆన్ మై స్లీవ్' అను పాటను విడిచిరి. దానిని తొలగించులోపల లక్షలమంది వినిరి. రేపు మన ఘంటసాల గొంతుతో ఆయన పాడని పాట పుట్టి, "అరుదైన పాట దొరికినది" అని చేతిఫోన్లలో తిరుగును. అది నిజమో కల్పనయో తేల్చుటకు మనకుండు సాధనమేమి? చెవి చాలదు. రికార్డు సంఖ్య కావలెను, సంవత్సరము కావలెను, దాచినవాని చిరునామా కావలెను. ఇంతకాలము పేరు లేని పాటలను పంచి పంచి, పేరు లేకున్నను ఫరవాలేదని జనులకు అలవాటుచేసిన పెద్దమనుష్యులే ఈ దొంగసరకునకు బాట వేసిరి. చీటీ లేని సీసాలోని ద్రవమును త్రాగుట నేర్పినవాడు, విషము వచ్చినప్పుడు ఆశ్చర్యము నటింపరాదు.

కాబట్టి చేయవలసినదేమి? ఇది గొప్ప శాస్త్రము కాదు. వింత యేదైనను పంచునప్పుడు నాలుగు సంగతులు జతపరచవలెను: చేసినవారెవరు, ఏ సంవత్సరము, నీకు ఎచ్చట దొరికినది, మూలమిప్పుడు ఎవరియొద్ద నున్నది. తెలిసినంతవరకు వ్రాయవలెను, తెలియనిచోట తెలియదని వ్రాయవలెను. 'తెలియదు' అను మాట వెదకువానిని పిలుచును. మౌనము వానిని త్రోసిపుచ్చును. పాట ముక్క పంపినచో పూర్తిపాట యున్న చోటు చూపవలెను. కళాకారుడు జీవించియున్నచో వానికి పైకము చేరు మార్గము చూపవలెను. వినోదమునకు ఇంత నియమమా యందురా? పెండ్లిలో చదివింపులు వ్రాయుటకు ఒకనిని కూర్చుండబెట్టుట మనకు నియమముగ తోచదు. నూటపదహార్లకు లెక్కయుండగా మనిషి పనితనమునకు లెక్క వలదా?

ఇది వ్యక్తులతో తీరు పని మాత్రమే కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపిన జాతి మనది. 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికచే పడవమీద గ్రంథాలయము కాలువలవెంబడి పల్లెలకు పోయినది. పుస్తకము జనులయొద్దకు పోవలెనని తపించిన ఆ బుద్ధి, నేడు జనులయొద్దనున్న పాటను, చిత్రమును, యంత్రమును గ్రంథాలయమునకు తెచ్చు పనియందు ఏల ప్రవేశింపరాదు? తెలుగు రికార్డులు ఎన్ని యిండ్లలో అటకలమీద పగులుచున్నవి! నాటక సమాజముల పాటలు, హరికథలు, బుర్రకథలు ఎన్ని క్యాసెట్లలో బూజుపట్టుచున్నవి! భారత డిజిటల్ గ్రంథాలయమను సర్కారు ద్వారము మూతపడినప్పుడు, అందలి తెలుగు గ్రంథములు అనేకము ఇంటర్నెట్ ఆర్కైవులో చేరియుండబట్టి నేడు చదువరులకు లభించుచున్నవి. సర్కారు చేసిన పనిని కూడ రెండవచోట ఒక ప్రతి కాపాడెను. ఆ రెండవ ప్రతి ప్రతి జిల్లా గ్రంథాలయములో నుండవలెను. దానికి కావలసినవి ఒక గణకయంత్రము, ఒక రికార్డు వాయించు పెట్టె, శ్రద్ధగల యొక మనిషి. ధనము లేదనువారు తమ యూరి విగ్రహముల ఖర్చు లెక్క చూచుకొని తరువాత మాటలాడవలెను.

గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఏడు సెకండ్లు నేడును ఎచ్చటనో మ్రోగుచుండును. తెలుగునాట పెండ్లిపందిళ్లలో, ఉత్సవములలో డీజేలు వాయించు ధ్వనులలో ఎవరెవరి చేతులున్నవో యెవరడిగిరి? మన డప్పు వాద్యకారుల వరుసలు రేపు ఏ దేశపు పాటలో అతికింపబడునో, అప్పుడు ఆ వాయించినవాని పేరు ఎవ్వరికి తెలిసియుండునో, నేడే యోచింపవలసిన విషయము. పండుగనాడు డప్పు వాద్యమును ఫోనులో పట్టుకొని లోకమునకు పంపువారలారా, బొత్తాము నొక్కుటకు ముందు ఆ మనిషిని పేరడుగుడు. ఊరడుగుడు. ఆ రెండు మాటలు దాని క్రింద వ్రాసి, పిమ్మట పంపుడు.